మా కోడలు చదివి వినిపించిన నవల

ఈ మధ్య నేను చదివిన నవలల్లో మంచు కురవనిది ఒక్కటీ లేదు. మా అరకు మీద ఎవరు కలం పట్టినా మొదటి పేజీలోనే మంచు దిగిపోతుంది. కొండల్ని కౌగిలించుకుంటుంది, కాఫీ తోటల్లో నిద్రపోతుంది, కథానాయకుడి గతాన్ని కప్పేస్తుంది, అవసరమైతే అతని బదులు ఏడ్చి కూడా పెడుతుంది. పెళ్ళై ఈ కొండెక్కిన దగ్గర్నుంచి నేను ఆ మంచుతోనే కాపురం చేస్తున్నాను. అది నాకు చేసిన ఉపకారమల్లా పప్పు బస్తాలకు చెమ్మ పట్టించడం, అప్పడాలు మెత్తబెట్టడం, మోకాళ్ళు పట్టేయించడం. అప్పడాల సంగతి ఇంతవరకు ఒక్క రచయితా రాయలేదు.

నాది సంత వీధిలో కిరాణా దుకాణం. విజయనగరం పక్క పల్లపు ఊరి నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. మా ఆయన పోయాక గల్లాపెట్టె దగ్గర కుర్చీ నాకు దక్కింది, దాంతోపాటు చదువుకునే తీరికా దక్కింది. బేరం ఉంటే బేరం, లేకపోతే నవల. అలవాటైనవాళ్ళు ముందు నా మొహం చూస్తారు. కథ మంచి పట్టులో ఉందనిపిస్తే వాళ్ళే పంచదార తూచుకుని, డబ్బులు పెట్టి చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోతారు.

ఫోనులో మాకో పాఠకుల గుంపు ఉంది. విశాఖపట్నం, పార్వతీపురం, శ్రీకాకుళం వైపు వాళ్ళం. కొత్త నవల ఒకరు కొంటే అది బస్సు పార్శిల్లో ఊరూరూ తిరిగి, అట్ట ఊడి, మధ్యమధ్య కూర మరకలు పూసుకుని, చివరికి కొండెక్కి నా దగ్గరకు చేరుతుంది. చదివినవాళ్ళు అభిప్రాయం చెప్పాలన్నది నియమం. నాకు టైపు కొట్టడం చేతకాదు కాబట్టి నోటితో చెప్పి పంపిస్తాను. మిగతావాళ్ళ అభిప్రాయాలు అన్ని పుస్తకాలకూ ఒక్కటే: హృద్యంగా ఉంది, గుండె బరువెక్కింది, తప్పక చదవాలి. నేను అలా అనను. అందుకని గుంపులో నాకు కత్తిపీట అని పేరు పెట్టారు. నా వెనకాల అనుకుంటారు గానీ, ఎదురుగా అన్నా నాకు అభ్యంతరం లేదు.

మొన్న వేసవిలో వచ్చిన నవల ఒకటి చూడండి. విడాకులకు సిద్ధమైన మొగుడూ పెళ్ళాలు ఆఖరిసారి అని అరకు వస్తారు. రైల్లో మాట్లాడుకోరు, గుహల్లో మాట్లాడుకోరు, తోటలో మాట్లాడుకోరు. రోడ్డు పక్క బండి దగ్గర బొంగులో చికెన్ తింటారు, కలిసిపోతారు. వెదురు బొంగులో కోడి ఉడికినంత సేపట్లో ఎనిమిదేళ్ళ పేచీ తీరిపోయింది. బొంగు చికెన్ బండి మా గుమ్మానికి ఎదురుగానే ఉంటుంది. దానికి ఇంత మహిమ ఉందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే, మా ఆయనా నేనూ ఎంత చక్కగా కాపురం చేసేవాళ్ళమో కదా.

ఇంకొకటి మారేడుమిల్లి అడవిలో జరుగుతుంది. నగరంలో మంచి ఉద్యోగం చేసుకుంటున్నవాడు అదంతా వదిలేసి, తనను తాను వెతుక్కోవడానికి అడవికి వస్తాడు. వాగు ఒడ్డున వెతుక్కుంటాడు, చెట్టు కింద వెతుక్కుంటాడు, ఊళ్ళోవాళ్ళు పెట్టిన అన్నం తింటూ వెతుక్కుంటాడు. వాళ్ళ పేర్లు మాత్రం అడగడు. మూడొందల పేజీలు వెతికినా దొరకలేదు. నాకూ దొరకలేదు. రెండో భాగం వస్తోందట.

ఇంత కోసేదాన్నీ ఒక్క విషయంలో మాత్రం మెత్తబడిపోతాను. నన్ను ఏడిపించే నవల కావాలి నాకు. చివర్లో ఎవరో ఒకరు పోవాలి, నేను కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ ఉప్పు ప్యాకెట్ బదులు సర్ఫు ప్యాకెట్ ఇచ్చెయ్యాలి. అందరూ క్షేమంగా ఇల్లు చేరే నవల నాకు ఉప్పులేని పప్పు. గుంపులో ఎన్నోసార్లు చెప్పాను ఈ మాట. చావును తప్పించే రచయితకు ధైర్యం లేదని కూడా చెప్పాను.

వానలకు ముందు కంటికి శుక్లం తీయించారు. విశాఖపట్నంలో డాక్టరు గారు జాగ్రత్తలు చెప్పారు. వంగకూడదు, పొయ్యి దగ్గరకు వెళ్ళకూడదు, తలంటుకోకూడదు. కొత్త అద్దాలు నెలన్నర తర్వాతే ఇస్తామన్నారు. అంతవరకు దూరాన ఉన్న కొండమీద చెట్టు కనిపించేది, చేతిలో ఉన్న అక్షరం కనిపించేది కాదు. దుకాణం మా కోడలు చూసుకునేది. కుర్చీలో కూర్చుని గోడకేసి చూడటం నా వంతు. మూడోరోజుకే ఇంట్లో అందరికీ నరకం చూపించాను. అది భరించలేక కాబోలు, "నాను సదివి ఇనిపిస్తానత్తా" అంది మా కోడలు.

మా కోడలు కొండ పిల్ల. మా వీధిలోంచి కనిపించే కొండలకు అవతల ఉంది వాళ్ళ ఊరు. ఆశ్రమ పాఠశాలలో చదివి, తర్వాత ఇక్కడి కాలేజీలో డిగ్రీ చేసింది. మా అబ్బాయి టూరిస్టులకు కారు నడుపుతాడు. వచ్చినవాళ్ళందరికీ వ్యూ పాయింట్లు చూపించీ చూపించీ, ఒకనాడు నాకు ఈ అమ్మాయిని చూపించాడు. నేను పెద్దగా గొడవ చెయ్యలేదు. అన్ని ప్రేమ నవలలు చదివి కులం కోసం అడ్డం పడితే, చదవేస్తే ఉన్న మతి పోయిందని నన్నే అంటారు.

గొడవ చేసింది విజయనగరంలో ఉన్న మా ఆడపడుచు. పెళ్ళైన కొత్తలో ఫోను చేసి, "ఏటొదినా, పుట్టిల్లన్నది లేని గుంటని తెచ్చుకున్నావు. రేపు పురుడూ పుణ్యమూ ఎవులు చేస్తారు?" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్లకు పుట్టిల్లు ఎందుకు లేదు? పెంకుటిల్లు ఉంది, తల్లి ఉంది, అల్లం పసుపు పండే భూమి చెక్క ఉంది. ఆ క్షణమే నిశ్చయించుకున్నాను. తొలికాన్పుకు ఏడో నెలలో గాజులు తొడిగించి, సారె పెట్టి, అందరు కోడళ్ళలాగే మా కోడలినీ పుట్టింటికి పంపిస్తాను. అప్పుడు మా ఆడపడుచు ఏమంటుందో చూద్దామనుకున్నాను.

కోడలి తల్లి ప్రతి శుక్రవారం సంతకు వస్తుంది. వియ్యపురాలు కాకముందు నుంచీ మా దుకాణంలో ఉప్పూ కిరసనాయిలూ కొన్న మనిషి. పెళ్ళయ్యాక వదినా అని పిలవమన్నాను గానీ ఆమెకు నోరు తిరగలేదు, షావుకారమ్మా అనే అంటుంది. పురిటికి పంపుతానని చెప్పినప్పుడు సంచీ కింద పెట్టింది.

"మా తట్టు అలగ నేదు షావుకారమ్మా. కోడలు అత్తింట్లోనే కంటాది" అంది.

"మీ తట్టు లేకపోతే మా తట్టు ఉంది. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలి. అది మీకు గౌరవం" అన్నాను.

"మీరు పంపిత్తే తీసికెల్తాం. మా గుంటే గదా" అని సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

ఏడో నెలలో గాజులు తొడిగించాం. అప్పుడే తీసుకెళ్ళాలి గానీ నా కంటి ఆపరేషన్ వచ్చిపడి, దుకాణం చూసుకునేవాళ్ళు లేక, తొమ్మిదో నెల వచ్చాక పంపుదామని వాయిదా వేశాను. అంటే సరిగ్గా నడివానల్లోకి. వాళ్ళ ఊరికి రోడ్డు సగం దాకా ఉంది. ఆ తర్వాత కాలిబాట, మధ్యలో ఒక వాగు. మిగతా రోడ్డు కూడా వస్తుందని అందరూ అంటున్నారు. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ అంటూనే ఉన్నారు. ఈలోగా వచ్చేస్తుందిలే అని నేనూ అన్నాను.

ఇక చదువు సంగతి. మా కోడలు చదివే తీరు బస్టాండులో మైకు చెప్పినట్టు ఉంటుంది. ప్రేమలేఖయినా పోస్టుమార్టం అయినా ఒకటే గొంతు. కామాలను లెక్కచెయ్యదు. మధ్యాహ్నం బేరాలు తగ్గాక, బియ్యం బస్తాకు చేరగిలబడి, ఎత్తుగా ఉన్న పొట్ట మీద పుస్తకం నిలబెట్టుకుని చదివేది. "బేగి చదవే గుంటా" అని నేను, "సదువుతున్నాను గదత్తా" అని ఆమె.

మొదట ఒక అపరాధ పరిశోధన చదివాం. లంబసింగిలో తెల్లవారుజామున మంచులో హత్య జరుగుతుంది, చూసినవాడు ఒక్కడూ ఉండడు. డిసెంబరులో ఆదివారం తెల్లవారుజామున లంబసింగిలో కాలు మోపడానికి చోటుంటుందా? కార్లు, బైకులు, నూడుల్స్ బళ్ళు, మొహాల ముందు ఫోన్లు. అక్కడ హత్య చేస్తే కనీసం పదిమంది వీడియో తీస్తారు. హంతకుడు కేసు విచారిస్తున్న పోలీసు ఆఫీసరే అని చివర్లో తేలడం మాత్రం బాగుంది. నేను అసలు ఊహించలేదు. గుంపులో కూడా ఆ మలుపును మెచ్చుకుంటూ చెప్పాను. అవునవును, అద్భుతం అని నలుగురు చప్పట్ల బొమ్మలు పెట్టారు.

తర్వాత వచ్చింది అసలు నవల. గుంపులో చదివిన ప్రతివాళ్ళూ ఏడ్చామని చెప్పిన నవల. పార్శిల్ విప్పగానే, "ఇది ఆఖరి దాకా ఒక్క మాట వదలకుండా చదవాలి సుమా" అని మా కోడలికి గట్టిగా చెప్పాను.

కథ చింతూరు అవతల, శబరి నది వైపు కొండల్లో జరుగుతుంది. కొండ పిల్ల. సెలయేరులా నవ్వుతుంది. ఇక్కడ మా కోడలు చదవడం ఆపి, "సెలయేరు నవ్వుద్దా అత్తా?" అని అడిగింది. నవలల్లో నవ్వుతుంది, చదువు అన్నాను. పల్లం నుంచి వచ్చిన మాస్టారు ఆమెను పెళ్ళాడతాడు. అత్తవారింట్లో చిన్న చూపు, కంట నీరు, వెన్నెల, మంచు, అంతా ఉంది. ఆ పిల్లకు నెలలు నిండుతాయి. వానలు మొదలవుతాయి. పురిటికి పుట్టింటికి బయల్దేరుతుంది. వాగు పొంగుతోందని ముందు అధ్యాయంలోనే హెచ్చరించాడు రచయిత. నేను కొంగు సర్దుకుని సిద్ధంగా కూర్చున్నాను.

ఆఖరి అధ్యాయం మొదలుపెట్టే ముందు మా కోడలు మంచినీళ్ళు తాగి వస్తానని లోపలికి వెళ్ళింది. వచ్చి కూర్చుని చదివింది. ఆ పిల్ల మూట కట్టుకుని గుమ్మం దాటబోతుంది. అత్త ఆకాశం వైపు చూస్తుంది. గుమ్మానికి అడ్డంగా నిలబడి, ఈ వానలో నువ్వెక్కడికీ వెళ్ళొద్దు, మీ అమ్మనే ఇక్కడికి రమ్మని కబురు పెడతాను అంటుంది. తల్లి వస్తుంది. ఆసుపత్రిలో కాన్పు అవుతుంది. తల్లీ బిడ్డా క్షేమం.

"తరవాత?" అన్నాను.

"అంతే అత్తా. అయిపోనాది."

పుస్తకం చేతిలోకి తీసుకుని చూశాను. వేలికి ఇంకా నాలుగైదు కాగితాలు తగిలాయి. "ఇవేటి మరి?"

"అవి వేరే పుస్తకాల ప్రకటనలు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇందుకేనా ఊరంతా ఏడ్చింది? "ఇదేం నవలే? వాగు పొంగింది, వాన పడింది, అంతా కూడదీసి చివరికి నీరుగార్చేశాడు. ఆ పిల్ల చచ్చిపోవాలే! చచ్చిపోతేనే గదా కథకి బరువు. పైగా ఆ అత్త ఏటి? మొన్నటిదాకా చిన్న చూపు చూసింది, ఇవాళ గుమ్మానికి అడ్డం నిలబడిపోయిందా? ఏ అత్త అలా చేస్తుంది?"

"సెయ్యదా అత్తా?" అంది మా కోడలు.

"చెయ్యదు. రాస్తే లోకంలో ఉన్నది రాయాలి" అని తేల్చేశాను.

ఆమె నడుం పట్టుకుని లేచి లోపలికి వెళ్ళింది. నేను ఫోను అందుకుని వేడివేడిగా నా అభిప్రాయం పంపించాను. రచయిత పిరికివాడని, ముగింపు పిల్లల సినిమాలా ఉందని, అత్త పాత్ర గాలిలోంచి ఊడిపడిందని, చంపాల్సిన చోట చంపలేనివాడు కలం పట్టకూడదని. కత్తిపీట ఆరోజు మంచి పదును మీద ఉంది.

సాయంత్రానికి గుంపులో గందరగోళం. పార్వతీపురంలో ఒక రిటైర్డు మాస్టారు ఉన్నారు, చాలా నెమ్మదస్తుడు. ఆయన గొంతు వినిపించింది. "అమ్మా, మీరు చదివింది ఆ నవలేనా? అందులో అత్త అడ్డుపడటం లేదు. ఆ అమ్మాయి వాగు దగ్గరే చనిపోతుంది." మీరు సరిగ్గా చదవలేదు మాస్టారూ అని ఎదురు చెప్పాను. ఇంకో ఇద్దరు వచ్చి, చనిపోయింది, మేం ఏడ్చాం కదా అన్నారు. అలవాటు కొద్దీ ఏడ్చి ఉంటారు అన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని నా వాదన. సొంతంగా ఇంకో ప్రతి కొనుక్కున్నవాళ్ళెవరో ఆఖరి పేజీ ఫోటో తీసి పెట్టారు.

ఆ ఫోటో వల్ల నాకు ఉపాయం తోచింది. కోడలు వంటింట్లో ఉండగా పుస్తకం తీసి, ఆఖరి అధ్యాయంలో ఒక్కో పేజీకీ ఫోనుతో ఫోటో తీశాను. రెండు వేళ్ళతో లాగితే అక్షరాలు గారెలంత అయ్యాయి. అలా ఒక్కో ముక్కా లాక్కుంటూ చదివాను. ప్రకటనలు లేవు. చివరి కాగితం దాకా కథే.

అత్త గుమ్మంలో నిలబడి, వెళ్ళిరా, ఆచారం కదా అని కుంకుమ పెట్టి పంపిస్తుంది. రోడ్డు అయిపోయి, వాగు దాటాక నొప్పులు మొదలవుతాయి. కర్రకు దుప్పటి కట్టి డోలీలో ఆ పిల్లను వెనక్కు మోసుకొస్తారు. ఈలోగా పొంగిన వాగు దాటనివ్వదు. ఒడ్డునే ప్రాణం పోతుంది. చంపి ఊరుకుంటేనా రచయిత, చచ్చిపోయిన పిల్ల మొహం మీద మంచు ఎంత అందంగా వాలిందో రెండు పేజీలు రాశాడు. పువ్వుతో పోల్చాడు, చంద్రుడితో పోల్చాడు. తీసుకెళ్ళడానికి వచ్చిన ఆమె తల్లి ఆ గట్టునే ఉందన్న సంగతి ఆయనకు గుర్తులేదు.

నేను అడిగిన చావు నాకు దొరికింది. ఏడుపు మాత్రం రాలేదు. భయం వేసింది. పక్క గదిలో సారె సామాను కట్టి ఉంది. బుధవారం మంచిదని, ఆరోజు కోడలిని పంపాలని నేనే రోజు పెట్టాను. బయట మూడు రోజులుగా వాన తెరిపి ఇవ్వడం లేదు.

"ఏటే, ఇలారా" అని కేకేశాను.

గరిటె చేత్తోనే వచ్చింది. ఫోను చూపించాను. చూసి తల దించుకుంది.

"ఇందులో ఉన్నది ఎందుకు చదవలేదు?"

గరిటె కొంగుతో తుడిచింది. తర్వాత అదే బస్టాండు గొంతుతో చెప్పింది. "ఎలగ సదవమంటారత్తా? నా నోటితో నానే సచ్చిపోయానని సదవాలి గదా."

"అయితే పుట్టింటికి వెళ్ళనని నాతో చెప్పొచ్చు కదే!"

"ఎవులికి సెప్పను? గాజులు తొడిగీసేరు. మీ చుట్టాలందరికీ సెప్పీసేరు. అక్కడ మా యమ్మ ఇల్లంతా అలికీసింది. మీ అబ్బాయికి సెప్తే, అమ్మకి సెప్పు అన్నారు." మళ్ళీ తనే అంది. "మీకు కతలో సెప్తే ఇంటారనుకున్నాను. కతలైతే ఇంటారు గదా మీరు. ఇన్నారు. ఆ పిల్ల సచ్చిపోవాల అన్నారు. ఇందాకటి దాకా కడుపులో బిడ్డ కదల్నేదత్తా. నాకు శానా బయ్యమేసింది."

నవల చదివి ఇన్ని తిట్లు నేను ఏ రచయితనూ తిట్టలేదు, ఆ పూట నన్ను నేను తిట్టుకున్నన్ని. పైకి మాత్రం నా నోరు నా నోరే. "బుధవారం లేదు, గిధవారం లేదు. నువ్వెక్కడికీ కదలకు. పో, అన్నం మాడుతోంది చూడు" అన్నాను. ఆమె నిలబడే ఏడ్చేసింది. నేనూ ఏడ్చేశాను. కంట్లో నీరు పడకూడదని డాక్టరు గారు మరీమరీ చెప్పారు. చెప్పినవాడికి కోడలు లేదు కాబోలు.

కాస్త తెరిపిన పడ్డాక ఒక అనుమానం వచ్చింది. "ఆ లంబసింగి నవల్లో హంతకుడు పోలీసేనా?" అని అడిగాను.

"కాదు. హోటలు కుర్రోడు. కొండోడే. పాపం ఆడెందుకు సంపుతాడని, ఆ పోలీసోడి మీదకి తోసీసేను."

అంటే గుంపులో ఆ మలుపు అద్భుతమని చప్పట్లు కొట్టిన నలుగురూ ఆ పుస్తకం తెరవలేదన్నమాట. ఇన్నాళ్ళూ నా అభిప్రాయాలను అంత గౌరవంగా ఎందుకు వింటున్నారో అప్పుడు బోధపడింది.

ముందు ఆడపడుచుకు ఫోను చేశాను. కోడలిని పంపడం లేదు, పురుడు నా ఇంట్లోనే అని చెప్పాను. "నాను ముందే అనుకున్నాను. పుట్టిల్లుంటే గదా పంపడానికి" అంది. పుట్టిల్లే ఇక్కడికి వస్తోంది, నీకు పుణ్యముంటుంది, నువ్వు మాత్రం రాకు అని పెట్టేశాను. తర్వాత గుంపులో మాస్టారికి జవాబు పంపించాను. మీరు చదివిన ముగింపు పుస్తకంలో ఉన్న మాట నిజమే, అది తప్పు ముగింపు, నేను విన్నదే సరైనది, రచయితకు ఎవరైనా చెప్పండి అన్నాను. అభిప్రాయం మార్చుకున్నానని మాత్రం ఒప్పుకోలేదు. అంత మంచితనం నాకు అలవాటు లేదు.

బుధవారం పొద్దున్నే వియ్యపురాలు వచ్చింది. వానలో తడిసి, మోకాళ్ళ దాకా బురదతో, కూతుర్ని తీసుకెళ్ళడానికి ఇద్దరు మగవాళ్ళను వెంటబెట్టుకుని మరీ వచ్చింది. వాళ్ళ భుజాల మీద లావుపాటి కర్ర, ఒక దుప్పటి ఉన్నాయి. డోలీ కట్టడానికి తెచ్చినవే. నేను గుమ్మంలోనే ఎదురెళ్ళి, పంపడం లేదని, ఆమెనే ఇక్కడ ఉండిపొమ్మని చెప్పాను. మాట తప్పానని కోప్పడుతుందేమో అనుకున్నాను.

ఆమె దుకాణం మెట్టు మీద కూలబడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "ఆ వాగు దాటొచ్చీ వరకూ నాకు పేనం నేదు షావుకారమ్మా. ఇంతటి నీటిలో గుంటనెలగ మోత్తామని రాతిరంతా నిద్దర నేదు. మీరంత మరేదగా పంపుతామంటే వద్దనడానికి నోరు రానేదు."

అంటే పంపకపోతే మాట పడతానని నాకు భయం, తీసుకెళ్ళడం ఆమెకు భయం, వెళ్ళడం మా కోడలికి భయం. ముగ్గురు ఆడవాళ్ళం, మర్యాదగా మాట్లాడుకుంటూ, ఒక పిల్లను వాగు దాకా తీసుకెళ్ళి దింపబోయాం. ఆ పని చేసేది రచయిత ఒక్కడే అనుకున్నాను నేను.

కాన్పు ఆ తర్వాత శనివారం మధ్యాహ్నం. ఆసుపత్రి మా వీధికి కూతవేటు దూరం. నొప్పులు వస్తున్నాయంటే అబ్బాయి కారు తీశాడు. నేను దుకాణానికి తాళం వేసే లోపే వాళ్ళు చేరిపోయారు. ఉరుము లేదు, మెరుపు లేదు, పొంగిన వాగు లేదు. ఎవరూ ఎవరినీ మోసుకుని పరిగెత్తలేదు. నర్సమ్మ ఫోనులో ఎవరితోనో బస్సు వేళల గురించి మాట్లాడుతోంది. వరండాలో నేనూ వియ్యపురాలూ బెంచీ మీద కూర్చుని కాళ్ళు ఊపుకుంటున్నాం. ఏ నవలకూ ఒక్క పేజీకైనా పనికిరాని కాన్పు. దేవుడా, ఇలాగే పనికిరాకుండా ఉండనియ్యి అని దండం పెట్టుకున్నాను. లోపలినుంచి బిడ్డ ఏడుపు వినిపించింది.

మమ్మల్ని లోపలికి రానిచ్చేసరికి మా కోడలు కళ్ళు తెరిచే ఉంది. మొహం పాలిపోయి, జుట్టు నుదుటికి అంటుకుని ఉంది. పక్కన గుడ్డలో ఎర్రగా ఆడపిల్ల. వాళ్ళమ్మ బిడ్డను చూసింది. నేను ముందు మా కోడలిని చూశాను. గుండె మీద దుప్పటి పైకీ కిందికీ కదులుతోంది. దాన్నే చూస్తూ నిలబడిపోయాను.

"అత్తా" అంది. ఏమి చెబుతుందోనని వంగాను. "ఆకలేత్తంది."

ఏ కథానాయికా ఆ మాట అనగా నేను చదవలేదు. పచ్చి బాలింతరాలికి పథ్యం పెట్టాలని నేనంటూ ఉండగానే వియ్యపురాలు క్యారేజీ విప్పి చోడి అంబలి గ్లాసులో పోసింది. నేను కోడలి తల కింద చెయ్యి పెట్టి లేపి పట్టుకున్నాను. గ్లాసు ఖాళీ అయ్యేదాకా దించకుండా తాగింది.